అన్నంలో నిలబెట్టిన పుల్లలు

నారాయణగూడ హోటళ్లలో ఇప్పుడు ఇడ్లీకి రెండేసి చెంచాలిస్తున్నారు. చెయ్యి కడుక్కునే చోటు మాత్రం అడిగితేగాని చూపించరు.

జపాన్ రైల్లో తినడానికి నాకు రెండు పుల్లలే దిక్కయ్యాయి. అన్నం డబ్బా తెరిచాక, నీళ్లసీసా మూత తీద్దామని ఆ పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చాను. పక్కసీటు పెద్దావిడ తినడం ఆపి, నా డబ్బాకు తల వంచి దండం పెట్టింది. తర్వాత నా భాషేమిటో అడిగి, ఫోన్లో తెలుగు చేసి చూపించింది: "ఇలా పోయినవాళ్లకు పెడతారు. ఎవరికి?"

పొరపాటని చెప్పబోయాను. కానీ ఆ రోజు చిక్కడపల్లిలో అన్న అమ్మకు మూడో మాసికం పెడుతున్నాడు.

"అమ్మకు" అన్నాను, ఆ ఫోన్లోకే.

ఆవిడ తన డబ్బాలోని ఒకే ఒక్క ఊరవేసిన పండు తీసి నా అన్నం మీద ఉంచింది.

ఇంటికొచ్చాక అన్నకు చెప్పాను. అంతా విన్నాడు.

"మూడు మాసికాలైనయ్, ఒక్కదానికి రాలె నువ్వు. అమ్మకు పెట్టింది గదొక్కటే. గది గూడ తెల్వక పెట్టినవ్."