లారీల దారి

ధర్మవరం, పెనుకొండ వైపు నుంచి బెంగుళూరు పోయే లారీలన్నీ అప్పట్లో హిందూపురంలో మా వీధిలోంచే పోయేవి. వీధి ఇరుకు. ఎదురుగా బస్సొస్తే లారీ ఇంజను ఆపకుండా మా గుమ్మం ముందే నిలబడేది. ఆ పొగకు అమ్మకు ఆయాసం ముదిరింది. పెనుకొండలో మా మామ ఇంటికి పంపితే కుదుటపడేది. తిరిగొచ్చిన కొద్దిరోజులకే మళ్ళీ పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది.

మా నాయన టైలరు. వీధివాళ్ళను కూడగట్టి, లారీలకు ఊరి బయట వేరే దారి వేయమని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎనభైల మొదట్లో దారి మంజూరైంది. పరిగి వైపు మల్బరీ తోటల మధ్యగా గీత గీశారు. జనం ఏమంటారో వినడానికి మునిసిపాలిటీలో మీటింగు పెట్టారు.

దానికి ముందురోజు ఒకామె మా ఇంటికొచ్చింది. ఆ తోటల్లో పట్టుపురుగులు పెంచుకునే మనిషి. కొంగులోంచి ఆకులు తీసి నాయన మిషను మీద పెట్టింది. వాటి నిండా ఎర్రటి దుమ్ము.

"ఏమప్పా, మట్టిరోడ్డు పక్క సాలులో ఆకు ఇది. ఇది ఏస్తే పురుగులు రోగమొచ్చి చస్తాయి. రేపు తోట నడిమధ్యనే లారీలు పోతే మేం యాడికి పోవాల?"

నాయన తలెత్తలేదు. "మా ఇంట్లో మనిషికే ఊపిరాడకుండా ఉండాదమ్మా."

లోపలి దగ్గు విని ఆమె లేచింది. అమ్మే పిలిచి కూర్చోబెట్టింది. నా చేత టీ ఇప్పించింది. ఆమె వెళ్ళాక, మాట మాటకూ ఆగుతూ నాయనతో అంది.

"ఈ పీడ ఈడ తీసి ఆయమ్మ ఇంట్లో పెడితే ఎట్లా? ముందు పోయి తోటలు చూసి రమ్మని చెప్పు ఆఫీసరోళ్ళకు."

"ఇంకా ఆలస్యమైతాది. నువ్వు తట్టుకోలేవు."

"తట్టుకుంటాలే."

మీటింగులో నాయన లేచి, తోటలు చూశాకే దారి ఖాయం చేయమన్నాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అబ్బా?" అని వీధివాళ్ళు మండిపడ్డారు. గీత గీసిన ఇంజనీరు మాత్రం మర్నాడే తోటలకు వెళ్ళాడు. వాననీళ్ళు పారే వంకలు చూశాడు, పురుగుల షెడ్లలోకి తొంగిచూశాడు. దారిని అవతలి బీడుభూముల మీదికి మార్చాడు. దానికి మళ్ళీ కొత్తగా మంజూరు తెచ్చుకోవాల్సి వచ్చి, పని చాలాకాలం వెనకబడింది. చాలామంది నాయనతో మాట్లాడటం మానేశారు.

కొత్త దారిలో కంకర పరుస్తున్న ఎండాకాలంలో అమ్మ పోయింది. ఆమెను ఖబరస్తానుకు తీసుకెళ్తుంటే, మాట్లాడటం మానేసినవాళ్ళే వీధి మొదట్లో నిలబడి లారీలను ఆపారు. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నాకు ఆ నిశ్శబ్దం భరించరానిదిగా అనిపించింది. తోట ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది.

దారి తెరిచాక ఇంజనీరుకు ధర్మవరం బదిలీ అయింది. కొన్నేళ్ళకు ఒకసారి హిందూపురం వచ్చినప్పుడు నాయనను చూడటానికి వచ్చాడు. ధర్మవరంలో కూడా ఊరి బయట రోడ్డు వేస్తున్నారట.

"ఈసారి గీత గీయకముందే ఇండ్లూ తోటలూ వంకలూ తిరిగి చూసినాం. మళ్ళీ మార్చే పనే పడలేదు," అన్నాడు.

"మాకూ మొదట్లోనే అట్లా చూసుంటే బాగుండేది సార్," అన్నాడు నాయన. ఆ గొంతులో కోపం లేదు.