మూడో అంతస్తులో ఒడిబియ్యం

మా బిడ్డ పొద్దున్నే ఫోన్ చేసేది. మధ్యాహ్నం చేసేది. పొద్దుగూకగానే మళ్లీ చేసేది. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "అమ్మా, ఏం కూర?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. "మంచిదే" అని ఊరుకునేది. ఫోన్ మాత్రం పెట్టేది కాదు. మిర్యాలగూడలో వాళ్లింట్లో ఫ్యాను తిరిగే చప్పుడు ఇక్కడ ఆత్మకూరులో నాకు వినబడేది.

అల్లుడు బియ్యం మిల్లులో పనిచేస్తాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లది. అక్కడికి మారి ఏళ్లయింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఎదురింట్ల ఎవరుంటరే?"

"తెల్వదమ్మా. తలుపు ఎప్పుడు మూసే ఉంటది."

"మరి నీ తలుపు?"

ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఫోన్లో ఓదార్చడం నాకు చేతకాదు. "ఈ ఏడు ఒడిబియ్యం పోస్తం, రా" అన్నాను.

పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి మూడేళ్లకో ఐదేళ్లకో ఒడినిండా బియ్యం పోయడం మా వైపు ఉన్నదే. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. అందులో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. ఆ బియ్యాన్ని ఇంటికి తీసుకుపోయి దాచుకోకూడదు. వండాలి, ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. వయసులో ఉన్నప్పుడు ఇదంతా ఉత్త ఆర్భాటం అనుకునేదాన్ని. బిడ్డ ముక్కు చీదిన రోజున అర్థమైంది, ఈ ఆచారం పెట్టినవాళ్లు ఎంత తెలివైనవాళ్లో. ఆడపిల్లను సాగనంపుతూ ఒంటరిగా తినలేని తిండి కట్టిచ్చారు!

కొడుకు, కోడలు, మా ఆయన, నేను దోసిళ్లతో పోశాం. వాళ్లు ఆగినా నేను ఆగలేదు. కొంగు బరువుకు బిడ్డ ముందుకు వంగిపోయింది.

"సాలే అమ్మా! ఇద్దరం ఎన్నొద్దులు తినాలె?"

"మీరిద్దరు తినేటందుకు పోస్తలేను."

"మరెవర్ని పిలవాలె? నాకు ఎవరు తెల్సు ఆడ?" కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నేనొస్త పా."

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాం. మూట నా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎవరూ రారని దారి పొడుగునా బిడ్డ చెప్తూనే ఉంది. నాకేమో పెళ్లికి పోతున్నంత సంబరంగా ఉంది.

ఇల్లు చేరాక బిడ్డ ఫోన్లో అపార్ట్‌మెంట్ గ్రూపు తీసింది. ఏదో రాసింది, చెరిపింది. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపింది. "సిగ్గయితున్నదమ్మా" అంది. నాకే సిగ్గూ లేదు. మనవలు పుట్టాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, వాడకపోతే తుప్పు పడతాయి. పెద్ద కాగితం మీద లావుగా రాసి లిఫ్టు పక్కన అంటించి వచ్చాను. 'ఆదివారం పగటిపూట మా బిడ్డ ఇంట్ల ఒడిబియ్యం బువ్వ. మూడో అంతస్తు. అందరు రావాలె.'

ఆదివారం వచ్చింది. మిల్లుకు ఆదివారం లేదు కాబట్టి అల్లుడు పనికి పోయాడు. మేమిద్దరం పులిహోర, పాయసం, పప్పు, వంకాయ కూర వండాం. హాల్లో చాపలు పరిచాం. భోజనాల వేళ దాటుతోంది. ఒక్కరూ రాలేదు.

"జెప్పిన గదనే" అంది బిడ్డ. పాయసం గిన్నె మీద మూత పెట్టింది. "రాత్రికి మనమే తిందాం."

అప్పుడు బయట బెల్లు మోగింది. మాది కాదు. ఇంకో బెల్లు. అదీ మాది కాదు. తర్వాత మాటలు.

"ఒడిబియ్యం మీ ఇంట్లనేనా అక్కా?"

"మా ఇంట్ల కాదు, నేను గూడ గదే ఎతుకుతున్న!"

"మరెవరింట్లోనండీ? వాసనైతే వస్తోంది."

ఉరికి తలుపు తీశాను. మూడో అంతస్తులో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి! నడవా నిండా ఆడవాళ్లు. "ఈడ, ఈడ! రాండ్రి!" అని కేకేశాను.

పెరుగు గిన్నె పట్టుకున్న ఒకామె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "మా బిడ్డ అని రాస్తివి పెద్దమ్మా. ఏ బిడ్డనో మాకెట్ల తెలుస్తది? నంబరన్న ఎయ్యరాదా? అందరి బెల్లులు కొట్టొచ్చినం."

"మా ఊర్ల గంత రాస్తే సాలు" అన్నాను. "పక్కపక్కన ఉండుకుంట ఎవరు ఎవరి బిడ్డనో ఎరగకపోతిరి. తప్పు నాదా?"

ఒక్క క్షణం బిత్తరపోయి, పకపకా నవ్వారు. బెల్లు కొట్టినవాళ్లూ తలుపు తీసినవాళ్లూ కలిసే లోపలికి వచ్చారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన టీచరమ్మ, "బొట్టు వద్దుగానీ పెద్దమ్మా, పాయసం రెండుసార్లు పెట్టాలె" అని చాప మీద కూర్చుంది.

బిడ్డ మాత్రం వంటింటి గడప దాటలేదు. అన్నం తగ్గేటట్టుంటే ఎదురింటామె లేచి తన కుక్కర్ తెచ్చింది, గరిటె బిడ్డ చేతిలో పెట్టింది. "మీరే వడ్డించాలి, ఇల్లు మీది కదా" అంది. అలా బయటపడింది మా పిల్ల.

ఎదురింటామెది కోదాడ. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది. "మా అమ్మ పోయాక నాకెవరూ పొయ్యలేదండీ" అంది. నేను నోరు తెరిచేలోపే బిడ్డ అంది.

"మేం పోస్తం వదినా."

"పుట్టింటివాళ్లే కదమ్మా పోయాల్సింది?"

"ఎదురింట్ల నుంచి పోస్తే బియ్యం ఉడకయా?"

అచ్చం నా నోరే! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు.

నేను ఊరికి వచ్చేశాను. పొద్దున ఫోన్ లేదు, మధ్యాహ్నం లేదు. కొన్నాళ్లు చూసి నేనే చేశాను.

"మంచిగ చేసినవమ్మా! బియ్యంల పసుపెంత కలపాలె? జల్ది జెప్పు, రేపే పోస్తున్నం."

చెప్పడం మొదలుపెట్టాను. అటువైపు గిన్నెల చప్పుడు, నవ్వులు, కుడుకలు ఎక్కడున్నాయని టీచరమ్మ గొంతు. ఫ్యాను చప్పుడు వినబడనేలేదు.

"ఇగ పెట్టేస్తున్ననే, మంది ఉన్నరు."

పెట్టేసింది.

"ఇన్నవా!" అని మా ఆయనను కేకేశాను. "నా బిడ్డ నా ఫోన్ కట్ చేసింది!"

నా సంబరం చూసి ఆయన పరేషాన్ అయ్యాడు. "మరి నెయ్యి ఎంతెయ్యాలెనో జెప్పనేలేదు గద. మళ్ల చెయ్యి."

"ఎందుకు?" అన్నాను. "ఆడ గంతమంది ఉన్నరు. ఎవరో ఒకరు జెప్తరు."