జబ్బు లేదంటే నమ్మరు

సత్తెనపల్లిలో మిరపకాయల గోడౌన్ల వెనక వీధిలో షమీమ్ బట్టలు కుడుతుంది. ఘాటుకు వీధంతా దగ్గుతున్నా ఆమెకు తుమ్ము కూడా రాదు. ఆ ఆరోగ్యమే ఆమెను చిక్కుల్లో పడేసింది.

అక్క కూతురు ఫిజా గుంటూరులో రక్తం పుట్టుక మీద పరిశోధన చేస్తోంది.

"ఎర్రకణాలూ తెల్లకణాలూ అన్నీ ఎముక మూలుగలోని తల్లికణాల నుంచే పుడతాయి ఖాలా. జన్యువులు అన్నిట్లో అవే. వాటిలో ఏవి ఎప్పుడు పనిలోకి దిగుతాయి, ఏవి ఊరుకుంటాయి అన్నదాన్నిబట్టే ఏ కణం ఏదవుతుందో తేలుతుంది. జబ్బులో ఏం చెడిందో తెలియాలంటే ముందు మంచి మూలుగ సంగతి తెలియాలి. రోగులు వస్తున్నారుగానీ ఏ రోగమూ లేనివాళ్లే దొరకట్లేదు. నీ మూలుగ కాస్త ఇస్తావా?" అని పిన్నిని అడిగింది.

షమీమ్ సరేనంది. పరీక్షలన్నీ చేసి, తుంటి దగ్గర మత్తుమందిచ్చి, సూదితో కాస్త మూలుగ తీశారు. నొప్పి త్వరగానే తగ్గింది. వీధిలో మాటలే తగ్గలేదు.

ఎదురింటి కౌసర్ మేక కాళ్ల పాయా గిన్నెతో వచ్చి కళ్లు తుడుచుకుంది.

"నాకేం లేదు కౌసరక్కా. ఏమీ లేదని తేలాకే తీశారు."

"పైకి అలాగే చెబుతారమ్మా. ఊరికే ఎవరన్నా ఎముకలో సూది గుచ్చుతారా?"

కుట్టమని ఇచ్చిన జాకెట్టు ముక్కల్ని "పాపం, రెస్టు తీసుకో" అంటూ ఒక్కొక్కరే పట్టుకుపోయారు. చెప్పిచెప్పి షమీమ్ నోరు నొప్పెట్టింది. చివరికి భర్త మాలిక్ కూడా అన్నం ముందు కూర్చుని, "నిజం చెప్పు, నా దగ్గర దాస్తున్నావా?" అని అడిగాడు. ఆ మాటకు ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆదివారం ఫిజాను పిలిపించి, కౌసర్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"మా ఖాలాది నార్మల్ శాంపిల్ అండీ," అంది ఫిజా.

"నార్మల్ అంటే ఇంకా ముదరలేదనా?"

షమీమ్ ఇక ఆగలేకపోయింది. "ఫిజా, ఈసారి ఈమెను తీసుకెళ్లు. అప్పుడు తెలుస్తుంది."

కౌసర్ కాసేపు గునిసినా, అందరి ముందూ వెనక్కి తగ్గలేక గుంటూరు వెళ్లింది. ముందు రక్తపరీక్ష చేశారు. రక్తం తక్కువగా ఉంది, మీరు పనికిరారు, మందులు వాడండి అని పంపేశారు.

ఆ అవమానం కౌసర్ దిగమింగలేకపోయింది. "షమీమ్‌ది తీసుకున్నారు, రక్తం తక్కువంటూ నాది వద్దన్నారు. ఆమెకంటే నాకేం తక్కువ?" అని వీధంతా తిరిగి చెప్పింది. అప్పటికిగాని జనానికి విషయం ఎక్కలేదు. జాకెట్టు ముక్కలు తిరిగొచ్చాయి.

కౌసర్ మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి, "అసలు నువ్వేం తింటావే?" అని నిలదీస్తోంది. షమీమ్ మిషను ఇంకా గట్టిగా తొక్కుతోంది.