అద్దం వెనక పుస్తకాలు

మాఘం వెళ్లిపోతుంటే ఆర్మూరు గాలికి రంగు పడుతుంది. కళ్లాల్లో ఉడికిన పసుపు కొమ్ములు ఎండుతుంటాయి, వాటికి మెరుగుపెట్టే డ్రమ్ములు తిరుగుతుంటాయి, బస్తాలెత్తిన బండ్లు మార్కెట్టు యార్డు దాకా బారులు తీరుతాయి. ఆ రోజుల్లో బాలికల బడిలో ఎక్కడ చెయ్యి ఆనించినా పసుపే. బెంచీ అంచున పసుపు, పావడా కుచ్చెళ్లలో పసుపు, పరీక్ష కాగితం మూలన పసుపు. ఊరంతా నలుగు పెట్టుకున్నట్టుండే ఆ కాలంలో ఒక్కచోట మాత్రం తెలుపు తెల్లగానే ఉండేది. గంగమణి టీచర్ అద్దాల బీరువాలో, పుస్తకాల లోపల.

ఆ తెలుపు తన జాగ్రత్తకు గుర్తని ఆమె చాలా ఏళ్లు అనుకుంది.

గంగమణి పుట్టింది వేల్పూర్‌లో. తండ్రి ముత్తెన్నకు పసుపు చేను తప్ప వేరే లోకం లేదు. ఆడపిల్లకు సంతకం వస్తే చాలనుకునే ఇంట్లో ఆమె ఏడ్చి, అలిగి, అన్నం మానేసి చదివింది. బడి పుస్తకాలు అయిపోతే కిరాణా కొట్టు నుంచి వచ్చిన చక్కెర పొట్లం విప్పి, నలిగిన కాగితాన్ని తొడ మీద చదును చేసుకుని చదివేది. "గా కాయిదంల ఏమున్నదే? నీ మొగడెవడో రాసున్నదా?" అని తల్లి దెప్పేది. చీమలు పాకే ఆ కాగితంలో సగం వాక్యం ఉండేది. ఆ సగం వాక్యం పట్టుకుని పిల్ల సాయంత్రమంతా చేనుగట్టు మీద తిరిగేది.

పండిత శిక్షణ ముగించి ఆర్మూరు బడిలో తెలుగు టీచరుగా చేరినప్పుడు ఆమె కళ్లలో ఒక గది ఉండేది. కింద చాపలు, చాపల మీద అమ్మాయిలు, ప్రతి ఒడిలో రెక్కలు విప్పిన పావురంలా ఒక పుస్తకం. గ్రంథాలయం పని ఎవరూ ఇవ్వకముందే అడిగి తీసుకుంది.

మొదటి ఏడాదిలో పుస్తకాలు పిల్లల ఇళ్లకు పోయాయి, తిరిగొచ్చాయి. పేజీ పేజీకీ పసుపు వేలిముద్రలు. ఒకదానికి తంబాకు వాసన. ఒకదానికి అట్టే లేదు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఒక పుస్తకాన్ని రెండు వేళ్లతో చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి, తరగతంతా వినేలా, "ఏందమ్మా ఇవి? పుస్తకాలా, పసుపు బస్తాలా?" అన్నాడు. అమ్మాయిలు కిసుక్కుమన్నారు. చిన్న నవ్వే అది. గంగమణి మాత్రం ఆ నవ్వును ఇంటికి మోసుకుపోయింది. మర్నాడు బీరువాకు తాళం పడింది.

పుస్తకాలు ఇవ్వనని ఆమె ఎప్పుడూ అనలేదు. చేతులు కడుక్కుని రమ్మంది, అంతే. శుక్రవారం చివరి గంట గ్రంథాలయం గంట. "చేతులు మంచిగ కడుక్కోని రాండ్రి, అప్పుడు ఇస్త" అనేది. అమ్మాయిలు నల్లా దగ్గరికి పరుగెత్తేవారు. సబ్బుతో, ఇసుకతో, చింతపండుతో రుద్దుకునేవారు. తిరిగొచ్చి చేతులు చాపితే ఆమె అరచేతులు చూసేది, గోళ్లు చూసేది, తల అడ్డంగా ఊపేది.

"పసుపు కడిగితె పోతదా టీచర్?" అని ఒకతి అడిగేది.

"పోయినంక రా."

ఆర్మూరులో పసుపు చేతికి అంటనిది ఏ నెలలో? విత్తనం పెట్టేటప్పుడు అంటుతుంది, తవ్వేటప్పుడు అంటుతుంది, ఏరేటప్పుడు అంటుతుంది. చేలు లేని ఇళ్ల పిల్లలకు బీడీల తంబాకు అంటుతుంది. అలా ఏడాది తిరిగేది. అమ్మాయిలు బీరువా ఎదురుగా కూర్చుని చేతిరాత రాసేవారు. ఏ చేతులూ తగలని పుస్తకాలు అద్దం వెనక నిలబడి వాళ్లను చూసేవి.

ఆమె భర్త బాబురావు కాలువల ఆఫీసులో గుమాస్తా. నవ్వులాటకు అనేవాడు: "నీ బుక్కులు పెండ్లి గాని పిల్లలైనయి గదనే! గడప దాటయి, ఎవ్వలకు కనవడయి." ఆమె ఉడుక్కునేది. అంతకుమించి ఆలోచించేది కాదు.

బడి వార్షికోత్సవం ఫిబ్రవరి చివర్లో జరిగేది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఏడాది నివేదిక రాసే పని, చదివే పని పెద్ద టీచరమ్మ గంగమణికే అప్పజెప్పేది. పదో తరగతి ఫలితాలు, ఖోఖోలో బాల్కొండ పిల్లల మీద గెలుపు, కొత్తగా వేసిన రేకుల షెడ్డు. అన్నిటి తర్వాత ఒక వాక్యం: "పుస్తక పఠనంలో మన బాలికలు విశేషమైన ఆసక్తి కనబరిచారు." ఆ వాక్యం ఏటా అదే. తోరణాలతో పాటే అది కూడా బయటికొచ్చేది. ఆ ఒక్కరోజు పుస్తకాలూ బయటికొచ్చేవి. వేదిక పక్కన బల్ల మీద తెల్లబట్ట పరిచి వరసగా పేర్చేవారు.

ఎనభైతొమ్మిదిలో ముఖ్య అతిథిగా నిజామాబాద్ నుంచి విద్యాశాఖ అధికారిణి ఒకామె వచ్చింది. వయసులో చిన్నది, ఉత్సాహం ఎక్కువ. నివేదికలో ఆ వాక్యం వినగానే చప్పట్లు కొట్టింది. తిన్నగా వేదిక దిగి బల్ల దగ్గరికి వెళ్లి ఒక పుస్తకం తీసింది. పేరు 'దీపాల పడవ'. అట్ట మీద నల్లటి నీళ్లు, ఒక పడవ, పడవ నిండా దీపాలు, మధ్యన ఒక ముసలామె. అధికారిణి పుస్తకం తెరిచింది. కొత్త కాగితం చిటపటమంది.

"ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అంది. ఆ మెప్పు గంగమణి చెవిలో వేడినూనె చుక్కలా పడింది.

"ఇది చదివిన అమ్మాయి ఎవరు? వచ్చి ఆ కథ మాకు చెప్పాలి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసల్లో తల్లులు మెడలు చాచారు. గంగమణి చేతిలో నివేదిక కాగితం చెమటకు మెత్తబడింది. ఇంకో క్షణంలో పిల్లల్లో ఎవరో ఒకరు నిజం చెప్తారు. చెప్తే బాగుండునని, చెప్పొద్దని, రెండూ ఒకేసారి అనిపించాయి ఆమెకు.

పదో తరగతి వరసలోంచి పోసాని లేచింది. బీడీలు చేసే భూమవ్వ బిడ్డ. ఎప్పుడూ చివరి బెంచీలో, బీరువాకు దగ్గరగా కూర్చునే పిల్ల. మైకు ముందుకొచ్చి, జడ వెనక్కి వేసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"గీ పుస్తకంల ఒక ముసలామె ఉంటది మేడం. ఆమె మొగడు దుబాయికి పోతడు. పోయేటప్పుడు తొవ్వ అందరికి ఎరుకనే గని, వచ్చేటప్పుడు మరిచిపోతరట. గందుకని పొద్దుగూకంగనే పడవ నిండ దీపాలు వెట్టుకోని నీళ్ల మీద తిరుగుతది. గది చూసి వేరే ఊర్ల ఆడోళ్లొచ్చి, 'అవ్వా, మాయినకు గూడ ఒక్క దీపం వెట్టవా' అంటరు. అందరికి వెడుతది. వెట్టంగ వెట్టంగ పడవ బరువైతది, మునుగుతందుకొస్తది. ముసలామె ఒక్క దీపం గూడ తియ్యది. తనే నీళ్లల్లకు దిగి, ఈదుకుంట, పడవను నూకుతది."

వెనక వరసల్లో చాలామంది భర్తలు గల్ఫులో ఉన్నవాళ్లు. ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత చప్పట్లు షామియానా గుడ్డను ఊపేశాయి. అధికారిణి కళ్లు తుడుచుకుని, తన మెడలోని బంతిపూల దండ తీసి గంగమణి మెడలో వేసింది.

"ఈ దండ ఈ టీచరుగారికి చెందాలి. పుస్తకం ఇలా ఒంటబట్టాలంటే వెనక ఎవరో ఉండాలి."

గంగమణి తల వంచింది. జనం దాన్ని వినయం అనుకున్నారు.

సందడి తగ్గాక ఆమె పుస్తకాలు బీరువాలో సర్దుతుంటే పోసాని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది: "టీచర్, నిజంగ గా ముసలామె గన్ని దీపాలు ఎందుకు వెట్టుకుంటది?"

పిల్ల మొహంలో ఎగతాళి లేదు, కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది. గంగమణి అరలోని 'దీపాల పడవ' వైపు చూసింది. ఆ పుస్తకం వచ్చి రెండేళ్లు. వెన్ను మీద అంకె వేసింది తనే, అరలో నిలబెట్టింది తనే. చక్కెర పొట్లాలు చదివిన పిల్ల ఆ అట్టను ఎన్నడూ తెరవలేదు.

"తర్వాత చెప్త. పో, మీ అమ్మ చూస్తుండొచ్చు" అంది.

పోసాని "సరే టీచర్" అని వెళ్లిపోయింది. అంత మర్యాదగా వెళ్లిపోవడం గంగమణికి చెంపదెబ్బలా తగిలింది.

ఆ సాయంత్రం బాబురావు దండ చూసి, "ఓహో, సన్మానమా! ఇగ మాకు చాయ దొరుకుతదా, దొరకదా?" అన్నాడు. ఆమె దండ తీసి నీళ్ల గాబు మీద పెట్టింది. 'దీపాల పడవ' ఆమె సంచిలో ఇంటికి వచ్చింది గానీ తెరవడానికి చెయ్యి రాలేదు. తెరిస్తే చిటపటమంటుంది. ఆ చప్పుడు వినలేననిపించింది. పదో తరగతి పరీక్షలొచ్చాయి, పోయాయి. పోసాని ఇక బడికి రాదు. ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దున ఆమె పుస్తకం కొంగు కింద పెట్టుకుని బయలుదేరింది. పిల్ల చేతిలో పెట్టి వెంటనే వచ్చెయ్యాలి, కూర్చోకూడదు, అనుకుంటూ నడిచింది.

భూమవ్వ ఇంటి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తడిగుడ్డలో తునికాకు, చాటలో తంబాకు, మోకాలి మీద కత్తెర. పోసాని గోడకు ఆనుకుని కూర్చుంది. టీచర్ని చూసి లేవబోయింది, ఒళ్లో చాట వల్ల సగంలో ఆగింది.

"అయ్యో, టీచరమ్మ! రాండ్రి, గీ పీట మీద కూసోండ్రి" అని భూమవ్వ కొంగుతో పీట తుడిచింది. "మీ రుణం ఎట్ల తీర్సుకోవాలె తల్లీ! ఏడాది పొడుగు ఎన్ని బుక్కులు సదివిపిచ్చిండ్రు మా పొల్లతోని! శుక్రారం వచ్చిందంటె సాలు, గీ అరుగు మీద కొత్త కథ. సేతులు ఆడుతనే ఉంటయి, ఎప్పుడు సాంత్రమాయెనో తెల్వకపోవు."

"రెండు తలల గుర్రం కథ!" అంది ఒకామె.

"గంధపు పెట్టెది మంచిగుండె" అంది ఇంకొకామె. "నేనైతె ఏడ్సిన."

'రెండు తలల గుర్రం', 'గంధపు పెట్టె'. రెండూ బీరువా పైఅర పుస్తకాలు. గంగమణి కళ్లు పోసాని వైపు తిరిగాయి. పిల్ల తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చివరి బెంచీలో, అద్దానికి దగ్గరగా, ప్రతి శుక్రవారం ఆ పిల్ల ఏం చదివిందో గంగమణికి అప్పుడు అర్థమైంది. వెన్నుల మీది పేర్లు. పేరు ఒక్కటే దొరికితే, మిగతా కథ తానే నేసుకుని, టీచర్ ఇచ్చిందని ఇంటికి తెచ్చింది.

"గిది పోసానికి ఇద్దామని..." అని పుస్తకం తీసింది గంగమణి. మాట పూర్తి కాలేదు.

"దాని సేతులు ఖాళీ ఎక్కడున్నయి? మీరే సదువుండ్రి. మీ నోటెంట ఇంటము" అంది భూమవ్వ.

మూలన కూర్చున్న ముసలి లసుమవ్వ బోసినోటితో నవ్వింది. "సదువు బిడ్డా. జర గట్టిగ. నా సెవులు మందం."

తప్పించుకునే దారి లేదు. పుస్తకం చిటపటమంటూ తెరుచుకుంది. గంగమణి చదివింది. ముసలామె ఉంది, పడవ ఉంది, కానీ దుబాయి లేదు. దీపాలు చేసి నది అవతల జాతరలో అమ్ముకునే ఒంటరి మనిషి ఆమె.

"మొగడు దుబాయికి పోలేదా?" అంది లసుమవ్వ.

"ఇందుల లేదవ్వా."

"మా పోసాని సెప్పిందే మంచిగుండె" అని లసుమవ్వ తేల్చేసింది. ఆడవాళ్లు నవ్వారు. పోసాని నవ్వలేదు. ఆ పిల్ల వేళ్లు ఆకు మీద నెమ్మదించాయి. కథనే వింటోంది.

కథలో వరద వచ్చింది. అవతలి గడ్డన ఎవరో కేకలు వేస్తున్నారు. అన్ని దీపాలూ వెలిగించుకుని ముసలామె పడవ విప్పింది. సుడి తిరిగింది. అక్కడికి పేజీ అయిపోయింది. కత్తెరలు ఆగాయి.

"బతుకుతదా?" అంది లసుమవ్వ. "టీచరమ్మా, ముసల్ది బతుకుతదా, లేదా? జెప్పన చెప్పు, నా పానం ఆగుతలేదు."

గంగమణి చప్పున పేజీ తిప్పింది. కళ్లు వరసల మీద గబగబా పరుగెత్తాయి. అవి అలా వెతకడం భూమవ్వ చూసింది. ఆమె చదువుకోలేదు గానీ, తెలిసిన దారిలో నడిచేవాళ్లు అలా వెతుక్కోరని ఆమెకు తెలుసు.

"టీచరమ్మా" అంది మెల్లగా, "గిది మీరు గూడ సదవలేదా?"

గంగమణి పోసాని వైపు చూసింది. మైకు ముందుకు నడిచొచ్చినట్టు ఆ పిల్ల ఇప్పుడూ ఏదో ఒకటి చెప్తుందని, ఒక్క క్షణం, సిగ్గు లేకుండా ఎదురుచూసింది. పోసాని ఆకు కత్తిరిస్తూ కూర్చుంది.

"సదవలే" అంది గంగమణి. "ఇది సదవలే. ఈ పిల్లకు సదువనియ్యలే. అసలు ఒక్కటి గూడ ఇయ్యలే."

అరుగు మీది ఆడవాళ్లు చాటల్లోకి తలలు వంచారు. నవ్వినా బాగుండేది, తిట్టినా బాగుండేది. భూమవ్వ బిడ్డ వైపు చాలాసేపు చూసింది. ఆ గుర్రాలు, ఆ పెట్టెలు, ఆ శుక్రవారాలు అన్నీ ఆ చూపులో ఒక్కొక్కటిగా స్థలం మారాయి. తర్వాత చాటలో తంబాకు సర్దుకుంది.

"సరే తియ్యుండ్రి" అంది. గొంతులో మునుపటి మర్యాద ఉంది, మునుపటి మెత్తదనం లేదు. "సదువుండ్రి మరి. మేము గూడ ఇననోళ్లమే."

గంగమణి గొంతు సవరించుకుంది. తరగతిలో ఖంగున మోగే గొంతు రాలేదు. కొత్తగా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలా వరస కింద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా చదవసాగింది. లసుమవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. పోసాని కత్తెర కింద పెట్టింది.