గుమ్మటం మీద బొట్లు

మొన్న మనవరాలిని ఎమ్మెస్సీలో చేర్చడానికి యూనివర్సిటీకి వెళ్లినప్పుడు, ఫిజిక్సు డిపార్టుమెంటు వరండాలో ఆ గుమ్మటం కనిపించింది. నడుమెత్తు అల్యూమినియం గుండు, రిటైరైన ఉద్యోగిలా అద్దాల వెనక కూర్చుని ఉంది. కింద ఇత్తడి పలక మీద, దాన్ని తయారు చేసినవాడిగా నా పేరు. మనవరాలు మురిసిపోయి నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. నేను నవ్వలేదని కోప్పడింది కూడా.

ఆ గుమ్మటం ఉండే యంత్రాన్ని తెప్పించినవాడు మా తోడల్లుడు. పరమాణువు ముక్కల్ని వేగంగా పరుగెత్తించే యాక్సిలరేటరు అది. విదేశాల్లో ఎక్కడో పాతబడిందని మూల పడేస్తే, డెబ్బయ్యో దశకం మొదట్లో రెండేళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఊరికే ఇప్పించుకుని ఓడెక్కించాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద ఫిజిక్సు చదివాం. ఇల్లు గడవక నేను తెనాలి వదిలి, పటాన్‌చెరు దారిలో కొత్తగా వెలిసిన సర్కారీ ఫ్యాక్టరీలో చేరాను, ఆయన లెక్చరరయ్యాడు. అత్తగారు ఇద్దరికీ సున్నుండలు పంపేవారు గానీ, నెయ్యి బాగా పట్టినవి చిన్నల్లుడివేనని నా గట్టి అనుమానం. దాచడమెందుకు, ఆయన పేరు వింటేనే నాకు కడుపు మండేది.

పెట్టెలు విప్పితే, యంత్రం నెత్తిన బోర్లించే గుమ్మటం సొట్టలు పడి చీలి ఉంది. లక్షల వోల్టుల కరెంటు నిలవాల్సింది దాని మీదే. అది అద్దంలా నున్నగా ఉండాలి. ఎక్కడ చిన్న మొన లేచినా కరెంటు అక్కణ్నుంచే గాల్లోకి కారిపోతుంది. తోడల్లుడు మా క్వార్టర్సుకు వచ్చి, నేను పెద్దల్లుణ్ని కాబట్టి, "అన్నయ్యా, మీరే గట్టెక్కించాలి" అన్నాడు. ఎక్కించింది నేను కాదు. పక్క ఊరు లక్డారం నుంచి సైకిలు మీద వచ్చే మా ఫ్యాక్టరీ రేకుల మేస్త్రీ. పెళ్లి వంటలకు వాడే పెద్ద గిన్నెలు, డేగిసాలు కొట్టి చెయ్యి తిరిగినవాడు. నెల రోజులు చెక్క సుత్తితో కొట్టి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, మళ్లీ కొట్టాడు. నేను పక్కన నిలబడి కొలతలు చదివాను, అంతే.

ప్రారంభం రోజు పొద్దున గుమ్మటం బిగించాక, మేస్త్రీ దానికి గోడవైపున మూడు పసుపు బొట్లు పెట్టి కుంకుమ, అక్షింతలు అద్దాడు. చేసిన వస్తువును బొట్టు లేకుండా ఎన్నడూ అప్పగించడు. పసుపు ఆరేసరికి బియ్యపు గింజలు ముళ్లలా లేచి నిలబడ్డాయి.

"సారూ, గిది ఉంటే మిషన్‌కు ఏమన్న పరేషానా? తుడ్వమంటె తుడుస్త," అని అడిగాడు.

అదే బెంచీ మీద చదివినవాణ్ని, నాకు తెలియకేం. "ఏం కాదు, ఉండనీ" అన్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తోడల్లుడు అందరి ముందూ ఓడిపోతే చూడాలనిపించింది.

యంత్రం గిర్రున తిరిగింది, చిటపటమంది, మీటరు ముల్లు మాత్రం సగం దాకా కూడా ఎక్కలేదు. వైస్ ఛాన్సలరు గడియారం చూసుకున్నారు. డేగిసాలు కొట్టేవాడితో సైన్సు చేయిస్తే ఇంతేనని వెనక ఎవరో నవ్వారు. నేను ఎదురుచూసింది తోడల్లుడు తల దించుకోవడం కోసం, దించుకున్నది మేస్త్రీ. తన చేతులు తిప్పి తిప్పి చూసుకుని, "నా కొట్టుడులనే తప్పున్నది సారూ" అన్నాడు తోడల్లుడితో.

ఆ మాట నేను భరించలేకపోయాను. మిషను ఆపించి, గుమ్మటం వెనక్కి వెళ్లి, తడి రుమాలుతో బొట్లు తుడిచేశాను. మళ్లీ తిప్పితే ముల్లు చివరిదాకా పోయింది.

చప్పట్ల మధ్య తోడల్లుడు నన్ను కౌగిలించుకుని, దీన్ని చేసిందీ కాపాడిందీ మా అన్నయ్యేనని పెద్దలందరికీ చెప్పాడు. ఆయన మనసులో కల్మషం లేదు, అది ఇంకా మంట. నోరు విప్పాల్సిన చోట నేను నమస్కారం పెట్టాను. మేస్త్రీ నా చేతిలో పసుపైన రుమాలు చూశాడు. మర్నాడు డ్యూటీలో ఎప్పటిలాగే నమస్తే పెట్టాడు.

ఇప్పుడు మేస్త్రీ లేడు, తోడల్లుడూ లేడు. కుళ్లుకోవడానికి కూడా నాకు ఎవరూ మిగల్లేదు. ఆ బొట్లు తుడవడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆ పలక మీది పేరు తుడవడానికి యాభై ఏళ్లు చాల్లేదు.