వరదగుడి కట్టిన మధ్యాహ్నం

నేడు మృగశిర కార్తె ప్రవేశం. ఎండకు తపించిన భూమి తొలకరికై ఎదురుచూసే పుణ్యకాలం. ఈ మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో మా మేడ మీద ఒంటరిగా నిలబడి ఉండగా, సూర్యుని చుట్టూ పరివేషం, వెలుగు వలయం, కనిపించింది...

మా చిన్నప్పుడు... దీన్ని వరదగుడి అనేవారు. గుడి కడితే వాన దగ్గరపడ్డట్టేనని నమ్మకం.

సరూర్‌నగర్ చెరువుకు దగ్గరలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నాయన బస్సు డ్రైవరు. నల్లగొండ పల్లె నుంచి తాతను వెంట తెచ్చుకున్నాడు. పొలం తాత తమ్ముని చేతికి వెళ్లింది. తాతకు మిగిలింది ఒక్కటే... విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పే మాట. ఏటా ఈ కార్తెకు చిన్నతాత బస్సెక్కి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే అడిగేవాడు. "ఏమంటవే అన్నా, ఇత్తుమంటవా?"

ఆ ప్రశ్న కోసమే తాత పట్నంలో ఏడాదంతా గడిపేవాడనిపిస్తుంది.

ఒక ఏడు, ఇలాంటి మిట్టమధ్యాహ్నమే, నన్ను వాకిట్లోకి పిలిచాడు. "సూర్యుని దిక్కు చూడకు బిడ్డా, కండ్లు పోతయి. నీళ్లల్ల చూడు." ఇత్తడి తాంబాళంలో నీళ్లు... ఆ నీళ్లలో సూర్యుడు, చుట్టూ విశాలమైన వలయం, దాని లోపలి అంచున పలుచని ఎరుపు.

పక్కవాటాలోని గుంటూరు మాస్టారు గోడ మీదుగా చూసి నవ్వారు. "తాతగారూ, గుడి బాగానే కట్టారు. ప్రసాదం ఎప్పుడండీ?"

"వాన పడ్డంక పెడ్త సారూ. ముందుగాల మీ పెంకులు సర్దుకోండ్రి."

మర్నాడు చిన్నతాత వచ్చాడు, అడిగాడు. "ఇత్తు" అన్నాడు తాత.

రెండు దినాలకు సరూర్‌నగర్ మీద కుండపోత. తాత చూరు కింద నిలవక వాకిట్లో తడిశాడు. మాస్టారికి బెల్లం ముక్క పంపాడు. "ఈపాటికి మొలక లేస్తుంటది" అని తనలో తానే అనుకుంటూ తిరిగాడు...

కొన్నాళ్లకు చిన్నతాత మళ్లీ వచ్చాడు. "మనకాడ సినుకు రాలలే అన్నా. జొన్నలు సగం చీమలు మోసుకపోయినయ్, సగం మాడినయ్." ఆ గొంతులో నింద లేదు. అదే తాతను మరింత కుంగదీసింది.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను... ఎంతో ఎత్తున, పలుచని మబ్బులోని మంచుకణాలు సూర్యకాంతిని వంచడం వల్ల ఆ వలయం ఏర్పడుతుందట. పక్కపక్కన నిలబడిన ఇద్దరికైనా ఎవరి వలయం వారిదేనట. తాత చూసింది సరూర్‌నగర్ ఆకాశం... విత్తించింది నల్లగొండ నేలలో. పల్లెలో ఉన్నన్నాళ్లూ ఆకాశమూ పొలమూ ఒకచోటే ఉండేవి. పట్నం వాటిని విడదీసిందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

మరుసటి ఏడూ చిన్నతాత వచ్చాడు. కర్మన్‌ఘాట్ హనుమంతుని దర్శించుకున్నాడు. భోంచేశాడు. ఆవు ఈనిన సంగతి, ఊళ్లో పెళ్లిళ్ల సంగతి... అన్నీ చెప్పాడు. బస్సు వేళ అయింది. తాతే ఉండబట్టలేక అన్నాడు. "ఇత్తనం ముచ్చట తియ్యకపోతివి?"

చిన్నతాత తల ఎత్తకుండా చెప్పులు తొడుక్కున్నాడు. "రేడియోల చెప్తుండ్రు గదనే. నీకెందుకు పరేషాన్" అన్నాడు. మెత్తగానే అన్నాడు...

ఆ తర్వాత తాత ఆకాశం వైపు తల ఎత్తగా నేను చూడలేదు.

ఇప్పుడు వాన ఏ గంటకు వస్తుందో జేబులోని ఫోన్ చెబుతుంది. అది తప్పు చెప్పినా ఎవరి మాటా పోదు. ఇందాక ఆ వలయాన్ని చూసి ఎవరినైనా పిలవాలనిపించింది... మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు మెట్రో రైలు సాగిపోతోంది. అంతలోనే మబ్బు కదిలింది, వలయం చెరిగింది.

మీ ఇంట ఆకాశాన్ని చదివిన పెద్దలుంటే, వారి ముచ్చట ఇక్కడ రాయండి. తీరిక నాకు చాలా ఉంది... ప్రతి అక్షరమూ చదువుతాను.

రాబోయే తరాల వారికి సకాలంలో వానలు కురియుగాక. వారిలో ప్రతి వృద్ధునికీ, ఒకమారు తప్పిన మాటనైనా మళ్లీ వచ్చి అడిగే మనిషి ఒక్కరైనా మిగిలి ఉండుగాక.