ప్రమాదం లేని రోజులు

జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ఆఫీసులో నాలుగేళ్లు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. రోజూ పొద్దున్నే బీరంగూడలో బస్సెక్కి వెళ్లి, కంపెనీ వెబ్‌సైటులో ఒక అంకెకు ఒకటి కలిపేదాన్ని. 'ప్రమాదం లేని రోజులు' అనే పచ్చటి అక్షరాల కింద ఉండేది ఆ అంకె. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు ముందు దాన్నే చూస్తారని మేనేజరు గారి నమ్మకం.

అంత ఘనమైన అంకెను మోసే కంప్యూటరును మాత్రం చూసి తీరాలి. దాని విండోస్‌ను తయారు చేసినవాళ్లే వదిలేసి ఏళ్లయింది. మా వెబ్‌సైటు కట్టిన పాత సాఫ్ట్‌వేరేమో ఇంకే కంప్యూటరులోనూ తెరుచుకోదు. లోపలి బ్యాటరీ చచ్చిపోవడంతో, సాయంత్రం ఆపితే మర్నాటికి ఎప్పటిదో తేదీకి వెళ్లిపోయేది. ఇవాళ ఏ రోజో దానికి రోజూ నేనే చెప్పాలి. దసరాకు దాని నెత్తిన పసుపూ కుంకుమా చల్లేవారు. అదంతా ఫ్యాన్‌లో పేరుకుని ఏడాది పొడుగునా నా బల్ల మీద రాలేది. కంపెనీకి మొదటి ఎక్స్‌పోర్టు ఆర్డరు దాని మీదే వచ్చిందట, అందుకని అది లక్ష్మి. కొత్తది కొనమని ఎన్నిసార్లు అడిగినా మేనేజరు గారిది ఒకటే మాట, అది బంగారంలా పనిచేస్తోందని.

కిందటి ఎండాకాలం ఒకరోజు అది లేవలేదు. ఆ పూటే ఫ్యాక్టరీ లోపల ఆవిరి గొట్టం ఊడి ఒక వర్కరు చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆఫీసుకున్నది ఒకటే కారు. అది కంప్యూటరు మెకానిక్కును తేవడానికి పటాన్‌చెరు వెళ్లింది, అంకె మారకపోతే బాగుండదని. కాలిన మనిషిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి కంప్యూటరు లేచింది. నేను ఒకటి కలిపాను. కలిపి, డబ్బా విప్పి అన్నం కూడా తిన్నాను. ఆ తిండి గుర్తొస్తే అందరి మీదకన్నా నా మీదే నాకు రోత.

వారం తర్వాత అతని భార్య చిట్కుల్ నుంచి వచ్చి గేటు దగ్గర నా కోసం నిలబడింది. డ్యూటీలో కాలిందని కంపెనీ కాగితం రాసిస్తేనే అతనికి వైద్యం, సెలవు, తిరిగి పని. ఆఫీసువాళ్లు మాత్రం ఇంట్లో వంట చేస్తుంటే నూనె మీద పడిందని రాశారు. కావాలంటే వెబ్‌సైటు చూసుకో, ఇక్కడ ప్రమాదమే జరగలేదు అన్నారట. ఆమె తన ఫోన్‌లో నా పచ్చ అక్షరాలను నాకే చూపించింది.

"మా ఆయనకు చాయ్ పెట్టుడు గూడ రాదక్కా. గీ లెక్క రోజు నువ్వే రాస్తవంట గదా?"

అవునన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు తేదీ సరిచేసి, అంకె చెరిపేసి, సున్నా పెట్టాను. చూడమని ఆమెకు ఫోన్ చేశాను. ఆ పేజీ పట్టుకుని ఆమె నేరుగా ఆఫీసులోకి వచ్చింది. మేనేజరు గారు నా వైపు చూడనైనా చూడకుండా, ఎంతో మెత్తగా ఆమెకు నచ్చజెప్పారు.

"పాత సిస్టం గదమ్మా. తప్పు సూపెట్టింది, అంతే."

నాలుగేళ్ల బంగారం ఒక్క పూటలో తుక్కయిపోయింది. సాయంత్రానికి కొత్త కంప్యూటరు దిగింది. దానికీ కొబ్బరికాయ కొట్టారు. వెబ్‌సైటు కొత్తగా కట్టేవాళ్లు వచ్చారు, నెలాఖరుకు నా అవసరం లేదన్నారు మేనేజరు గారు. చెయ్యి కాలిన మనిషికి మాత్రం ఆ కాగితం ఇవ్వలేదు. ఆ చేత్తో అతనికి మరెక్కడా పని దొరకలేదు.

ఇంట్లో అప్పుడప్పుడు ఆ పేజీ తెరిచి చూస్తుంటాను. పాత అంకె దగ్గరి నుంచే మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున్నే ఎవరూ బస్సెక్కి వెళ్లి ఒకటి కలపక్కర్లేదు. దానంతటదే పెరుగుతోంది.